రెండో జవాబు

ఆదివారం, రెండో షిఫ్టు

రెండో నంబర్ కాపలా తుపాకీ ఇవాళ మనవాళ్ళ మీదే కాల్చింది. ముగ్గురు పోయారు.

పైకి వెళ్ళినవాళ్ళు పొద్దు వాలాక బియ్యం మూటలతో తిరిగి వస్తున్నారు. ముందు నడుస్తున్నది ఓదెలు. నేను మేముండే పాత బొగ్గు బాయి మూతి దగ్గర మొదటి తుపాకీ కెమెరా అద్దం తుడుస్తున్నాను. ఎండాకాలం దుమ్మును షిఫ్టుకు రెండుసార్లన్నా తుడవకపోతే దానికి ఏమీ కనబడదు. ఓదెలు భార్య భూలక్ష్మి నా పక్కన నిలబడి చెయ్యి ఊపింది. తుపాకులు కాపు కాసే సున్నం గీత దాటి లోపలికి వస్తూ అతనూ చెయ్యి ఎత్తాడు. అప్పుడే రెండో తుపాకీ తల తిప్పింది.

మొదటి గుండు ఓదెలు ఛాతీలో తగిలింది. మూట చిరిగి బియ్యం నేలపాలయ్యాయి. అతను వాటి మీదే పడ్డాడు. వెనక ఉన్న ఇద్దరు మూటలు వదిలేసి, మెడలోని నంబరు బిళ్ళలు పైకెత్తి చూపిస్తూ అరిచారు. తుపాకీ వాళ్ళనూ కొట్టింది. మిగిలినవాళ్ళు పాత బొగ్గు టబ్బు వెనక దూరారు. అది ఆ టబ్బు ఇనుము మీద కొడుతూనే ఉంది.

భూలక్ష్మి పరిగెత్తబోయింది. నడుం పట్టుకుని కింద పడేశాను. నా ముంజేతిని రక్తం వచ్చేలా కొరికింది. ఆమె మీద నుంచి లేవకుండానే కాలు చాపి మెయిన్ స్విచ్చును తన్నాను. తుపాకీ తల వాలిపోయింది.

ఆ తర్వాత ఎవరినీ ఆపడం నా వల్ల కాలేదు. లోపలి నుంచి సమ్మెటలు, గడ్డపారలు పట్టుకుని జనం వచ్చారు. బాయి పెద్ద, సర్దార్ కొమురయ్య వద్దనలేదు. మొదటి సమ్మెట దెబ్బ భూలక్ష్మిదే. కెమెరా, మోటారు, లోపలి కంప్యూటర్, అందులోని డిస్క్, ఏదీ గుర్తుపట్టేలా మిగల్లేదు. డిస్క్ ఒక్కటి వదిలేయమని గొంతు పోయేదాకా అరిచాను. అది ఉంటే అసలేం జరిగిందో చూసేదాన్ని.

ఆయాసం తీరాక భూలక్ష్మి సమ్మెట నేలకు ఆనించి నిలబడింది. "దీన్ని ఆఖరుకు ఎవలు ముట్టిండ్రు?" అంది.

"నేనేనండి," అన్నాడు ప్రభుదాసు.

ప్రభుదాసు నాతో పాటు వైర్ల పని చేస్తాడు. దివిసీమను సముద్రం మింగేశాక కాలినడకన ఇక్కడికి వచ్చినవాడు. మాట తీరు ఇంకా అక్కడిదే. ఇన్నేళ్ళయినా బాయిలో అతన్ని 'పైనుంచి వచ్చినోడు' అనే అంటారు.

"మధ్యాహ్నం దీని డిస్క్ పోయిందండి. ఎప్పటిలాగే తనంతట తనే మళ్ళీ ఎక్కించుకుంది. పచ్చలైటు వచ్చేదాకా ఉండి చూసే వచ్చాను."

"పచ్చలైటు వచ్చినంకనే నా మొగుడు సచ్చిండు," అంది భూలక్ష్మి.

సోమవారం, మొదటి షిఫ్టు

ముగ్గురినీ బొగ్గు అయిపోయిన తొమ్మిదో గ్యాలరీ సొరంగంలో పెట్టి, రాళ్ళు పేర్చి మూసేశాం. పైన తవ్వే వీల్లేదు. పొద్దెక్కితే పారకర్ర పట్టుకున్న చెయ్యి బొబ్బలెక్కుతుంది.

అక్కడి నుంచి నేరుగా ల్యాంప్‌రూమ్‌కు వచ్చాను. ఒకప్పుడు గని కార్మికులు దీపాలు, బిళ్ళలు తీసుకున్న గది ఇది. ఇప్పుడు బిళ్ళలతో పాటు నా సర్వర్ కూడా ఇక్కడే ఉంది.

తుపాకీ తలలో ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. దాని మీద లినక్స్ నడుస్తుంది. వేడికి, దుమ్ముకు డిస్క్ తరచూ పాడవుతుంది. అప్పుడది తన దగ్గరున్న చిప్పు నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకుంటుంది. ముందుగా, నాకు నెట్‌వర్క్ అడ్రస్ ఎవరిస్తారని వైరు మీద ఒక కేక వేస్తుంది. నా సర్వర్ ఇస్తుంది. ఆ అడ్రస్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, బాయిలో ఉన్న అందరి బిళ్ళల నంబర్లూ తీసుకుపోతుంది. బిళ్ళ నంబర్ తెలిస్తే మనవాడు, తెలియకపోతే పరాయివాడు. పని మధ్యలో ఆగి ఏ ప్రశ్నా అడగకుండా దానికి జవాబులన్నీ ఒక ఫైలులో ముందే రాసిపెట్టి ఉన్నాయి. లూటీగాళ్ళు మీద పడుతుంటే తుపాకీ పక్కన కూర్చుని జవాబులు టైపు చేసేవాళ్ళు ఎవరుంటారు?

నంబర్లు అందకపోయినా అది ఆగదు. ఖాళీ చేతులతోనే పని ముగించుకుని పచ్చలైటు వెలిగిస్తుంది. అలాంటి తుపాకీకి ప్రతి మనిషీ పరాయివాడే. ఓదెలు అలాగే పోయాడని నాకు దాదాపు ఖాయమైంది. నంబర్లు ఎందుకు అందలేదన్నదే తేలాలి.

ప్రతి తుపాకీకీ వైరు పెట్టే సాకెట్లు రెండు ఉంటాయి. ఒకటి నా సర్వర్‌ది, ఇంకొకటి కెమెరాది. ఇన్‌స్టాల్ మొదలైనప్పుడు ఏ సాకెట్ ముందు మేలుకుంటే దానితోనే పని కానిచ్చేలా సెట్టింగ్ ఉంది. కెమెరా సాకెట్ ముందు లేచి ఉంటుందని అనుకున్నాను. ప్రతి సాకెట్‌కూ పుట్టుకతో వచ్చే నంబర్ ఒకటి ఉంటుంది. నా సర్వర్ వైపు సాకెట్ నంబరే వాడాలని తుపాకులన్నిటి జవాబుల ఫైళ్ళలో రాశాను. మన దగ్గర మిగిలిన ఒకే ఒక్క స్పేరు బోర్డును బల్ల మీద పెట్టి మళ్ళీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి చూశాను. ప్రతిసారీ నంబర్లన్నీ వచ్చాయి.

కొమురయ్య గుమ్మంలో నిలబడి చూశాడు. "ఇగ మనోళ్ళ మీద కాల్చదా బిడ్డా?" అన్నాడు.

"కాల్చదు బాపూ."

"నీ మాట మీద మనుషులను పైకి పంపుతున్న."

"పంపు," అన్నాను.

బుధవారం, మొదటి షిఫ్టు

అక్షరాలు తప్పుతున్నాయి.

తెల్లారుతుండగా లూటీగాళ్ళు వచ్చారు. వాళ్ళకు మన నీళ్ళు కావాలి. రెండో తుపాకీ లేదని ఎలా పసిగట్టారో, సరిగ్గా ఆ వైపు నుంచే గుట్ట ఎక్కారు. నాటు తుపాకులు, పెట్రోలు సీసాలు తెచ్చారు. ఒక సీసా మూడో తుపాకీ మీద పగిలి మండింది. దాని తల వాలింది, లైటు ఆరింది.

మనవాళ్ళు గడ్డపారలతో బయటికి దూకారు. సర్దార్ తమ్ముడు మొండయ్య అందరికంటే ముందున్నాడు. సీసా విసిరినవాణ్ణి గొంతులో పొడిచాడు. వాడు రెండు చేతులతో గడ్డపార పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇంకొకణ్ణి నలుగురు చేరి రాళ్ళతో కొట్టారు. వాడు కదలడం మానేశాక కూడా కొట్టారు. లూటీగాళ్ళు వెనక్కి తిరిగారు. మనవాళ్ళు తరుముకుంటూ సున్నం గీత దాకా వెళ్ళారు.

అప్పుడు నా పక్కనే పచ్చలైటు వెలిగింది. మంట ఆరిన మూడో తుపాకీ ఈలోపు కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకుంది.

అది ముందు మొండయ్య వీపును వెతుక్కుంది. అతను గడ్డపార ఎత్తినవాడు ఎత్తినట్టే ముందుకు పడ్డాడు. తర్వాత వరసగా అతని పక్కవాళ్ళు. వెనక్కి తిరిగి పరిగెత్తుకొస్తున్నవాళ్ళను ఎదురురొమ్ముల మీద కొట్టింది. ఒకామె దవడ ఎగిరిపోయింది. ఆమె నావైపే చూస్తూ నాలుగడుగులు నడిచి పడిపోయింది. మెయిన్ స్విచ్చు పెట్రోలు మంటలో కరిగిపోయింది.

ప్రభుదాసు నేల మీద పాకుతూ దాని కిందికి వెళ్ళాడు. గుళ్ళ తొడుగులు కాలుతూ అతని వీపు మీద రాలుతున్నాయి. కింది పలక ఊడబెరికి, లోపలికి చెయ్యి పెట్టి పవర్ వైరు లాగేశాడు.

తుపాకీ ఆగింది. సున్నం గీత దగ్గర మనవాళ్ళు ఆరుగురు పడి ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు ఇంకా అరుస్తున్నారు.

కొమురయ్య తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. భూలక్ష్మి శవాల మధ్య నుంచి నడిచొచ్చి ప్రభుదాసు ముందు నిలబడింది. "ఏ వైరు గుంజాల్నో మంచిగ ఎర్కనే నీకు," అంది.

ఆ మాట అక్కడున్న అందరూ విన్నారు.

గురువారం, రెండో షిఫ్టు

ప్రభుదాసును చావగొట్టారు.

పొద్దున నీళ్ళ కోసం వరసలో నిలబడి ఉంటే ఈడ్చుకుపోయారు. నేను వెళ్ళేసరికి, ఒకప్పుడు టబ్బులను లాగిన యంత్రం ఉన్న హాలర్ గదిలో అతన్ని నేల మీద పడేసి, రెండు చేతులూ పట్టాల మీదికి చాపి, మణికట్ల మీద కాళ్ళు పెట్టి తొక్కి పట్టారు. పట్టుకున్నవాళ్ళు నాకు రోజూ ఎదురుపడేవాళ్ళే. ఒకడు నిన్నటిదాకా అతనితో కలిసి బువ్వ తిన్నవాడు.

"లూటీగాళ్ళు నీకేమిచ్చిండ్రు చెప్పు," అంది భూలక్ష్మి. సమ్మెట ఆమె చేతిలోనే ఉంది.

"నాకెవరూ ఏమీ ఇవ్వలేదండి. నేనేం చెయ్యలేదు. అక్కా, చెప్పక్కా వాళ్ళకి."

"అతను కాదు," అన్నాను. "తప్పు సెట్టింగుల్ల ఉన్నది. నేను ఇంకా చూస్తున్న."

"సోమవారం గూడ గిట్లనే అన్నవ్," అన్నాడు కొమురయ్య. అతని పంచె మీద తమ్ముడి రక్తం ఎండిపోయి ఉంది. "కాల్చదన్నవ్. నీ మాట మీదనే మొండిగాడు బయటికి ఉరికిండు."

నేను అడ్డం వెళ్ళాను. ఎవరో జుట్టు పట్టి గోడకు కొట్టారు. కళ్ళు బైర్లు కమ్మాయి. అప్పుడు సమ్మెట పడిన చప్పుడు విన్నాను. మొదటి దెబ్బకు అతను అరిచాడు. రెండో చేతి మీద పడినప్పుడు అరుపు రాలేదు.

సర్దార్ తీర్పు చెప్పాడు. రేపు పొద్దు వాలంగానే బిళ్ళ తీసేసి గీత దాటించాలి. బిళ్ళ లేని మనిషిని తుపాకులు ఏం చేస్తాయో అందరికీ తెలుసు.

ప్రభుదాసును తాళం వేసిన గదిలో పెట్టారు. వేళ్ళకు కట్టు కట్టడానికి మాత్రం నన్ను వదిలారు. కట్టడానికి వేళ్ళ ఆకారమేదీ మిగల్లేదు. రెండు చేతులకూ బట్ట చుట్టి చెక్కముక్కలకు బిగించాను. అతను స్పృహలో లేడు.

మూడో తుపాకీని మాత్రం ఎవరూ పగలగొట్టలేదు. శవాలు మొయ్యడంలో మర్చిపోయారు. దాని డిస్క్ తెచ్చి తెరిచాను. నేను చెప్పిన సాకెట్‌నే వాడింది. కేక వేసింది. జవాబు వచ్చింది. అడ్రస్ తీసుకుంది. బిళ్ళల కోసం నా సర్వర్‌ను వెతికింది, దారి దొరకలేదు. మళ్ళీ వెతికింది, మళ్ళీ దొరకలేదు. వదిలేసి పచ్చలైటు వెలిగించింది.

దానికి వచ్చిన అడ్రస్ చూశాను. అది మా అడ్రసుల వరసలోది కాదు. నేను ఇచ్చింది కాదు.

ఈ బాయిలో నేను కాక ఇంకెవరో జవాబిస్తున్నారు.

శుక్రవారం, మొదటి షిఫ్టు

లాప్‌టాప్ తీసుకుని మూతి దగ్గర వైర్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ పక్కన కూర్చున్నాను. తుపాకీ వేసే కేకలాంటిదే నేనూ వేసి, వైరు మీద చెవి పెట్టాను.

రెండు జవాబులు వచ్చాయి. రెండోది నా సర్వర్‌ది. దానికంటే ముందు వచ్చింది ఎవరిదో.

ల్యాంప్‌రూమ్ బల్ల మీద నా పరీక్షలు ఎందుకు నెగ్గాయో అప్పుడు తెలిసింది. అక్కడ నా సర్వర్ చెయ్యి చాపితే అందేంత దగ్గర. నా జవాబే ముందు చేరుతుంది. మూతికి మాత్రం ఆ ఇంకొకడే దగ్గర. పంకాలకు, పంపులకు అడ్రసులు ఎప్పుడో స్థిరంగా ఇచ్చేశాం కాబట్టి అవి ఎవరినీ అడగవు, వాటికేమీ కాలేదు. కొత్తగా ఇన్‌స్టాల్ అయ్యే యంత్రమే అడుగుతుంది. ముందు ఎవరు పలికితే వాళ్ళ మాట నమ్ముతుంది.

స్విచ్ నుంచి వైర్లు ఒక్కొక్కటే పీకి కేక వేస్తూ పోయాను. నాలుగో గ్యాలరీ వైరు పీకినప్పుడు నా జవాబు ఒక్కటే వచ్చింది. మళ్ళీ పెట్టాను, రెండు వచ్చాయి.

నాలుగో గ్యాలరీలో గదులన్నీ తట్టి లోపలికి వెళ్ళి చూశాను. చివరిది భూలక్ష్మి గది. తలుపు తీసే ఉంది. ఆమె గోడకానుకుని కూర్చుంది. బియ్యం డబ్బా పైన, గోడ సాకెట్‌కు తగిలించి, ఒక తెల్ల పెట్టె ఉంది. దాని మీద లైట్లు మినుకుమంటున్నాయి. పాత ఇళ్ళలో ఇంటర్నెట్‌కు వాడిన రౌటర్.

"ఇదేంది చెల్లె?"

"ఆయన తెచ్చిండు. కిందటిపాలి పైకి పోయినప్పుడు ఎవలదో ఇంట్ల దొరికిందట." ఆమె గొంతులో ఏ అనుమానమూ లేదు. "పైకి పోయినోళ్ళు రేడియోల మాట్లాడేది మూతికాడి టవర్ల నుంచి మీ గదికి వస్తది గదా. దీన్ని పెట్టి ఫోన్ కలిపితే నేను ఈడనే ఉండి ఆయన మాట వినొచ్చన్నడు. ఈపాలి ఆయన పైకి పోయినంక నేనే వైరు వెట్టిన. ఒక్క మాటన్న వినవడలే. ఇయ్యాల వస్తదేమో, రేపు వస్తదేమో అని అట్లనే ఉంచిన. ఆయన సచ్చినంక గూడ పీక మనసొప్పలే."

పెట్టె వెనక వైపు చూశాను. వైరు పెట్టడానికి అక్కడ వరసగా రంధ్రాలున్నాయి. విడిగా ఉన్న ఒక్కదానిలో పెడితే ఆమె మొగుడి మాట వినేది, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఆమె పక్కదానిలో పెట్టింది. ఆ రంధ్రంలో వైరు ఉంటే ఈ పెట్టె తనే సర్వర్ అనుకుంటుంది. అడిగినవాళ్ళందరికీ అడ్రసులు పంచుతుంది.

చెప్పకుండా ఉండవచ్చు. పెట్టె పీకి జేబులో వేసుకుని వెళ్ళిపోవచ్చు. కానీ సాయంత్రం ప్రభుదాసును గీత దాటిస్తారు. చెప్పాను. ఆమెకు అర్థమయ్యేలా, మెల్లగా, మొదటి నుంచి చెప్పాను. తుపాకీ కేక వేయడం, ఈ పెట్టె ముందు పలకడం, బిళ్ళల నంబర్లు అందకపోవడం.

ఆమె పెట్టెను చూస్తూ వింది. "ఆయనను నేనే సంపిన్నా?" అంది.

"నీకు తెల్వదు గదా చెల్లె."

"మొండన్నను గూడ?"

నేను పెట్టె వైరు మీద చెయ్యి వేశాను.

"ఎవలకన్న చెప్పినవా?"

"ఇంకా లేదు."

ఆమె లేచింది. పొయ్యి పక్కన కట్టెలు కొట్టే గొడ్డలి ఉంది. నేను అటు చూసేలోపే ఎత్తింది. తల తప్పించాను గానీ భుజం మీద దిగింది. ఎముక దాకా తెగినట్టు మంట పుట్టింది. రెండో దెబ్బ గోడకు తగిలింది. ఆమె మీద పడి పిడి పట్టుకున్నాను. ఇద్దరం బియ్యం డబ్బా మీద, పొయ్యి మీద దొర్లాం. బూడిద కళ్ళలో పడింది. ఆమె మోకాలితో నా కడుపులో పొడుస్తోంది. నేను నుదుటితో ఆమె ముక్కు మీద కొట్టాను. ఇంకోసారి కొట్టాను. అప్పుడు పట్టు వదిలింది.

నేల మీద పడి ఉండి, రక్తం మింగుతూ అంది. "నా పేరు చెప్పకు అక్కా. డబ్బ చూపెట్టు, పేరు చెప్పకు. నన్ను ముక్కలు చేస్తరు."

"చెప్పను," అన్నాను.

పెట్టె పీకి కొంగులో చుట్టుకుని వచ్చాను. భుజానికి కుట్లు వేయించుకోవాలి. సాయంత్రం కావస్తోంది.

శుక్రవారం, రెండో షిఫ్టు

మూతి దగ్గర బాయి అంతా గుమిగూడింది. ప్రభుదాసును నులకమంచం మీద మోసుకొచ్చారు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. నిలబెడితే నిలబడ్డాడు.

మూడో తుపాకీని బాగుచేసి, గుళ్ళ పెట్టె తీసేసి అందరి ముందూ కింద పడేశాను. "సర్దార్ బాపూ, నీ బిళ్ళ మెడల ఉండంగ దీని ముంగట నిలవడు," అన్నాను. తెల్ల పెట్టెను స్విచ్‌కు తగిలించి తుపాకీకి కొత్తగా ఇన్‌స్టాల్ పెట్టాను. పచ్చలైటు వచ్చింది. తుపాకీ తల లేపి కొమురయ్య ఛాతీకి గురిపెట్టింది. ఖాళీ గొట్టం టకటకమని కొట్టుకుంది. జనం వెనక్కి తూలారు. కొమురయ్య కదల్లేదు.

పెట్టె పీకేశాను. మళ్ళీ ఇన్‌స్టాల్ పెట్టాను. ఈసారి తుపాకీ అతని బిళ్ళను చూసి తల దించుకుంది.

"గీ డబ్బనే జవాబిచ్చింది," అన్నాను. "తప్పు రంధ్రంల వైరు పెట్టిండ్రు. కావాల్నని చేసింది కాదు. ప్రభుదాసు దీన్ని కండ్ల జూడలే."

"ఎవల అర్రల దొరికింది?" అన్నాడు కొమురయ్య.

"అది చెప్పను."

"చెప్పకపోతే నువ్వే పెట్టినవ్ అనుకుంట. వాణ్ణి కాపాడెటందుకు కథ చెప్తున్నవ్ అనుకుంట." అతను ప్రభుదాసు మెడలోని బిళ్ళ తాడు పట్టుకున్నాడు. "పేరు చెప్పు."

తాడు తెగిన చప్పుడు వినబడింది. ప్రభుదాసు నావైపు చూశాడు. ఇంకో క్షణం గడిస్తే చెప్పేసేదాన్నే. చెప్పేదాన్నని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు నాలుక కదల్లేదు.

"నాది ఆ డబ్బ," అంది భూలక్ష్మి.

వాచిన ముక్కుతో జనం మధ్య నుంచి ముందుకు వచ్చింది. ఆమె వెనక నడిచిన గుంపు ఇప్పుడు ఆమె చుట్టూ ఖాళీ వదిలింది. మొండయ్య పెండ్లాం వచ్చి ఆమె మొహం మీద గోళ్ళతో చీరింది. ఎవరో రాయి విసిరారు, చెవి దగ్గర తగిలింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"కొట్టుడెందుకు?" అంది. "తీర్పు ఉన్నది గదా." తన బిళ్ళ తనే తీసి కొమురయ్య చేతిలో పెట్టింది. అతను దాన్ని చూశాడు, ఆమెను చూశాడు, పక్కకు జరిగాడు.

ఆమె గీత వైపు నడిచింది.

లాప్‌టాప్ నా ఒళ్ళోనే ఉంది. మొదటి తుపాకీ, నాలుగో తుపాకీ రెండూ నిండు గుళ్ళతో ఉన్నాయి. ఆమెను కనిపెట్టి తలలు తిప్పడం మొదలుపెట్టాయి. రెండింటికీ ఒకేసారి మళ్ళీ ఇన్‌స్టాల్ అవ్వమని ఆజ్ఞ ఇచ్చాను. లైట్లు ఆరిపోయాయి. తలలు వాలిపోయాయి.

భూలక్ష్మి గీత దగ్గర ఆగి, కళ్ళు మూసుకుని నిలబడింది. ఏమీ జరగలేదు. తిరిగి చూసింది. వాలిన తుపాకులను చూసి, నన్ను చూసి, "ఎందుకాపినవ్?" అని గొంతు చించుకుని అరిచింది. అంత కోపంగా నన్ను ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

కొమురయ్య పక్కవాడి చేతిలోంచి నాటు తుపాకీ లాక్కుని కాల్చాడు. గుండు ఆమె కాళ్ళ దగ్గర మట్టి లేపింది. మళ్ళీ నింపుతుంటే గుండు అతని వేళ్ళలోంచి జారి కింద పడింది. ఆమె అది చూసింది. తర్వాత గుట్ట దిగి, పాడుబడిన టౌను వైపు నడిచింది. పరిగెత్తలేదు.

రెండోసారి అతను కాల్చలేదు. నా దగ్గరికి వచ్చి తుపాకీ మడమతో మూతి మీద కొట్టాడు. పళ్ళు రెండు ఊడి నాలుక మీదికొచ్చాయి.

"ఇవి రెండు మళ్ళ లేచెటందుకు ఎంతసేపు?" అన్నాడు.

"అన్నం ఉడికేంత."

"అంతదాక లూటీగాళ్ళొస్తే?"

రక్తం ఉమ్మి, గడ్డపార ఒకటి తీసుకుని బాయి మూతికి అడ్డంగా నిలబడ్డాను. ఇంకొందరు వచ్చి పక్కన నిలబడ్డారు. కొమురయ్యా నిలబడ్డాడు. పచ్చలైట్లు వెలిగేదాకా అలాగే ఉన్నాం.

మంగళవారం, మొదటి షిఫ్టు

నా తర్వాత ఈ పని చూసేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇప్పుడు తుపాకులు అడ్రస్ ఎవరినీ అడగవు. ఒక్కోదానికి ఒక్కో అడ్రస్ జవాబుల ఫైలులోనే రాసేశాను. బిళ్ళల నంబర్లు అందకపోతే పచ్చలైటు వెలగదు, గొట్టం లేవదు, ఇన్‌స్టాల్ అక్కడే ఆగి మనిషి కోసం ఎదురుచూస్తుంది. లూటీ సమయంలో అది మన ప్రాణాల మీదికి రావచ్చని కొమురయ్య అన్నాడు. రావచ్చు అన్నాను. అలాగే ఉంచమన్నాడు.

నాకు శిక్ష వెయ్యలేదు. ఈ పని వచ్చిన మనిషి ఇంకెవరూ లేరు కాబట్టి వదిలారు. నీళ్ళ వరసలో ఎవరూ నాతో మాట్లాడరు.

ప్రభుదాసు బిళ్ళ అతనికి తిరిగి ఇచ్చారు. కొమురయ్యే వచ్చి, తెగిన తాడుకు ముడి వేసి, మెడలో వేసి వెళ్ళిపోయాడు. జ్వరం తగ్గింది. ఎడమ చేతి బొటనవేలు ఒక్కటి కదులుతోంది. మిగతావి ఇక కదలవని మందులు చూసే ముసలమ్మ చెప్పింది. పూటపూటా నేనే వెళ్ళి తినిపిస్తున్నాను.

ఇవాళ గంజి అన్నంలో ఉప్పు కలిపి తీసుకెళ్ళాను. నాలుగు ముద్దలు తిన్నాక అడిగాడు.

"ఆవిడ బతికుంటుందంటారా అక్కా?"

"తెల్వదు. పైన నీడ దొరికితే ఉండొచ్చు."

"తుపాకులు మీరే ఆపారు కదా."

"ఆపిన."

"నా బిళ్ళ తెంపుతున్నప్పుడు మాత్రం మీరు మాట్లాడలేదు."

ముద్ద కలిపే చెయ్యి ఆగిపోయింది. ఆమెకు మాటిచ్చానని చెప్పొచ్చు. ఇంకో క్షణంలో చెప్పేదాన్నని చెప్పొచ్చు. "అవును," అన్నాను.

"నేనైతే ఆపేవాణ్ణి కాదక్కా," అన్నాడు. "నా చేతులు పోతే పోయాయి, ఆవిడా మొగుణ్ణి పోగొట్టుకుందని మీరనుకుంటారు. నాకు తెలుసు. కానీ నేను ఆపేవాణ్ణి కాదు. ఆవిడ సమ్మెట ఎత్తినప్పుడు నా మొహంలోకే చూసింది."

బట్ట చుట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయాడు. నేను ముద్ద పట్టుకుని కూర్చున్నాను. పైన పంకా తిరుగుతోంది. గంజి నా వేళ్ళ సందుల్లోంచి మోచేతి దాకా కారింది.

చివరికి ఇటు తిరిగి, ముద్ద కోసం నోరు తెరిచాడు. కళ్ళు మాత్రం నావైపు తిప్పలేదు.